ఊరి వాననీరు, మొక్కల వడపోత

దేవుడు మన సీమకు దయచేసిన దానములలో గోదావరి నీరు మొదటిది. ఆ దానమును పల్లెపల్లెకు పంచియిచ్చిన మానవ యత్నములలో ధవళేశ్వరపు ఆనకట్ట మొదటిది. 1847వ సంవత్సరమున కాటను దొరగారు ప్రారంభించి 1852లో ముగించిన యా కట్టడము, దానికి బదులుగా 1982లో పూర్తియైన నూతన బ్యారేజి, ఈ రెండింటి చలువవలననే మన మధ్య డెల్టా పచ్చగా నున్నది. బొబ్బర్లంకవద్ద తలుపులెత్తినంతనే ప్రధాన కాలువ లొల్ల లాకులకు వచ్చి, అచ్చట చీలి, కోనసీమ యంతటను ప్రాకి, తుదకు సముద్రతీరపు పల్లెల దాక పోవుచున్నది. ఈ నీటిబాటకు ఆత్రేయపురము తలయొద్ద నున్నది. తలయొద్ద నున్నవారికి నీరు ముందుగా దొరకును. అది భాగ్యము. తలయొద్ద నున్నవారు చేసిన మైల తోకయొద్ద నున్నవారు త్రాగుదురు. ఇది బాధ్యత. భాగ్యమును గూర్చి మనము తఱచుగా చెప్పుకొందుము గాని, బాధ్యతను గూర్చి చెప్పుకొనుట తక్కువ. అందుచేత ఈ సంవత్సరము మా పత్రికలో ఈ విషయమునే ఎత్తుకొంటిమి.

మేము చెప్పదలచినది ఒక్కమాటలో నిది: ఊరి వీథులలోను, పొలములలోను పడిన వాననీరు కాలువలోనికిగాని చెరువులోనికిగాని తిన్నగా దూకరాదు. అది ముందుగా గడ్డి, తుంగ, మెట్టతామర వంటి మొక్కలు పెరుగు మడిగుండ నడిచి, తన బురదను, మైలను అచ్చట దించుకొని, పిమ్మట మెల్లగా కాలువ చేరవలెను. దీనికి గొప్ప యంత్రములక్కరలేదు. కొంత నేల, కొంత ఇసుక, కొన్ని మొక్కలు, ఏటేట కొంత శ్రమ యున్న చాలును. ఈ పనికి మన పాఠశాల ముందు నిలువవలెనని మా అభిప్రాయము.

వాననీటికి మైల యెక్కడిదని కొందఱడుగవచ్చును. మబ్బునుండి దిగునప్పుడు వాన నీరు నిర్మలమే. నేల తాకిన పిమ్మటనే అది మారును. వేసవి మూడు నెలలు వీథిలో పేరుకొన్న పశువుల పేడ, కోళ్ల రెట్ట, తారురోడ్డుపై చిందిన మోటారు నూనె, చక్రములు అరిగి రాలిన నల్లని పొడి, సంతలో పారవేసిన కుళ్లు, ప్లాస్టికు చెత్త, మరుగుదొడ్ల తొట్లనుండి ఉబికిన మురుగు - ఇవి యన్నియు తొలకరి జల్లుకై కాచుకొని యుండును. పొలములలోని యూరియా, పురుగుమందులు వీనికి తోడగును. తొలివాన పడిన మొదటి అరగంటలో పారిన నీరే అన్నింటికంటె మలినమని నీటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ మొదటి నీటిని ఆపగలిగినచో ఊరి మైలలో పెద్దపాలు ఆపినట్లే.

ఎంత నీరు పారునో ఒకసారి లెక్క వేసి చూడుడు. ఒక ఎకరము నేలపై 25 మిల్లీమీటర్ల వాన పడినచో, అది లక్ష లీటర్లకు మించును. సిమెంటు రోడ్లు, సిమెంటు ముంగిళ్లు, డాబాలు పెరిగిన కొలది, ఈ నీరు నేలలో నింకక పరుగెత్తిపోవుచున్నది. పూర్వము ఇంటిముందు మట్టి యుండెను. వీథిప్రక్క గడ్డి యుండెను. ఊరి చివర తుంగ మొలచిన గుంట యుండెను. నీరు ఈ మూడింటిని దాటి కాని కాలువ చేరెడిది కాదు. ఆ గుంటను పూడ్చి ఇండ్లు కట్టితిమి. గడ్డిపై సిమెంటు పోసితిమి. వీథిప్రక్క నున్నని కాలువలు కట్టి వాని మూతిని పెద్ద కాలువలో పెట్టితిమి. నీరు త్వరగా పోవుటయే శుభ్రతయని తలచితిమి. మన గుమ్మము శుభ్రపడినమాట నిజమే. మైల మాత్రము నశింపలేదు, పొరుగూరికి తరలినది.

డెల్టా కాలువలను తీర్చిన ఇంజనీర్లు సాగునీటికి ఒక దారియు, మురుగునీటికి వేఱొక దారియు ఏర్పఱచిరి. మొదటిది పొలమునకు తెచ్చును. రెండవది పొలమునుండి సముద్రమునకు కొనిపోవును. ఈ రెండును కలియరాదనుటయే వారి యభిప్రాయము. కాని ఊళ్లు పెరిగి కాలువగట్ల నానుకొన్న తరువాత ఆ నియమము పలుచోట్ల చెడినది. ఏ కాలువ నీరు పొలమునకు పోవుచున్నదో, ఏ కాలువ నీటితో వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు మంచినీటి చెరువులు నింపుకొందుమో, ఆ కాలువలోనికే వీథి మురుగు జాఱుచున్నది. పెద్ద నగరములకును ఈ దోషము తప్పలేదు. రాజమహేంద్రవరపు మురుగు నల్లా ఛానలు ద్వారా చిరకాలము గోదావరిలో కలియుచు వచ్చినదని లోకమెఱుగును.

దీని ఫలమెవరు అనుభవింతురు? వానకాలము రాగానే విరేచనములతో నీరసించు పసిబిడ్డలు. కాలువ చివరనున్న పల్లెలలోని కూలివారు. నీటిని కొనుక్కొని త్రాగలేనివారు. డబ్బాల నీరు కొనగలవానికి కాలువ చెడినను బాగున్నను ఒక్కటే యనిపించును. కాని కొనలేనివానికి కాలువయే గతి. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞను మన పాఠశాలలో ప్రతి పిల్లవాడును కంఠస్థము చేయును. కాలువ పల్లమునకు పారును గనుక, డెల్టాలో పొరుగువాడనగా ప్రక్కయింటివాడు మాత్రమే కాడు. మన క్రింది లాకువద్ద కడవ ముంచువాడును మన పొరుగువాడే.

ఇక మొక్కలు నీటినెట్లు శుభ్రపఱచునో విన్నవింతుము. ఇందులో మాయ యేమియు లేదు. మొదటి పని, వేగము తగ్గించుట. దట్టమైన గడ్డి కాడల నడుమ నీరు పరుగెత్తలేదు. పరుగు మానిన నీరు తాను మోయుచున్న మట్టిని దించివేయును. భాస్వరము, సీసము, యశదము వంటివి చాలవఱకు మట్టి రేణువులను అంటిపెట్టుకొని యుండును గనుక, మట్టి దిగినచో అవియు దిగును. రెండవ పని, వడపోత. ఇసుకగుండ దిగునప్పుడు సన్నని మలినములు అచ్చటనే చిక్కును. మూడవది అన్నింటికంటె విచిత్రమైనది. వేళ్ల చుట్టును, ఇసుక రేణువుల పైనను కంటికి కనబడని సూక్ష్మజీవులు జిగట పొరవలె నివసించును. కుళ్లిన పదార్థమే వానికి ఆహారము. వేళ్ల చెంత ప్రాణవాయువు లభించుచోట కొన్ని జీవులు పేడ, మూత్రములలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. ప్రాణవాయువు లేని లోతులలో వేఱు జీవులు ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి ఆకాశమునకు విడిచిపెట్టును. నాలుగవది, మొక్క తన పెరుగుదలకై నత్రజనిని, భాస్వరమును తానే పీల్చుకొనుట. ఇట్లు మడిలోని మొక్క ఒక్కతే పనిచేయుట లేదు. మట్టి, ఇసుక, వేరు, సూక్ష్మజీవి - నలుగురు కూలీలు కలిసి చేయు పని యిది.

ఇందులో కొంత మనవారు ఎఱిగినదే. బావినీరు కలక వారినప్పుడు చిల్లగింజను అరగదీసి కలిపినచో మట్టి అడుగున దిగి నీరు తేరునని మన అవ్వలకు తెలియును. మునగగింజల పిండికిని అట్టి గుణము కలదు. వట్టివేరు కడవలో వేయుట సువాసనకొఱకే యని కొందఱు తలతురు గాని, నీటికిని వేరునకును స్నేహము కలదని మన దేశము వెనుకటినుండి గుర్తించినదనుటకు అది యొక ఆనవాలు. చిల్లగింజ పేరు పలికినంత మాత్రమున నీరు తేటపడదని పెద్దలు చెప్పిన బుద్ధి కూడ మఱవరాదు. శుభ్రతను గూర్చి ఉపన్యసించుట వేఱు, గింజ అరగదీయుట వేఱు. పరిశుద్ధ గ్రంథమున మారా యను చోట నీరు చేదై, జనులు సణిగినప్పుడు, దేవుడు మోషేకు చూపినది ఒక చెట్టు. దానిని నీటిలో వేయగా అవి మధురములాయెను. ఆ కథకు మేమిచ్చట శాస్త్రార్థము కల్పించుట లేదు. కాని సణుగుట మాని చెట్టువంక చూడుమను పాఠము మాత్రము మనకును వర్తించును.

ఈ విద్యను నవీన శాస్త్రముగా తీర్చినవారిలో జర్మనీ దేశపు కేథె సైడెల్ అను విదుషీమణి ముఖ్యురాలు. 1950 తరువాతి సంవత్సరములలో ఆమె నీటిలో పెరుగు తుంగజాతి మొక్కలను మురుగునీటిలో పెంచి, అవి మలినమును తగ్గించుట పరీక్షలద్వారా చూపినది. అటుపిమ్మట ఐరోపా ఖండమున అనేక గ్రామములు ఇట్టి మడులను త్రవ్వుకొనినవి. 1990 ప్రాంతమున అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున ప్రిన్స్ జార్జెస్ కౌంటీవారు ఇండ్ల ముంగిళ్లలోను, బండ్లు నిలుపు చోటులలోను పల్లముగా త్రవ్విన వానతోటలను నాటించి, రోడ్డునీరు అందులోనికి మఱలించిరి. చీనా దేశమువారు 2015లో కొన్ని నగరములను ఎన్నుకొని, స్పంజివలె నీటిని పీల్చు నగరములుగా తీర్చ నారంభించిరి.

దూరదేశముల మాట యటుండనిండు. మన తెలుగునాట జరిగిన పనులు మనకు మరింత ధైర్యమిచ్చును. హైదరాబాదులోని నెక్నాంపురము చెరువుపై 2018వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, ప్రపంచ చిత్తడినేలల దినమున, ధ్రువాంశ్ అను సంస్థవారు ఒక తేలియాడు మొక్కల దీవిని నిలిపిరి. వెదుళ్లు, థర్మోకోలు, గోనెసంచులు, గులకరాళ్లు - ఇవియే దాని సామగ్రి. 3,000 చదరపు అడుగుల యా దీవిపై వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తులసి మొదలగు సుమారు 3,500 మొక్కలు నాటిరి. వాని వేళ్లు నీటిలో వ్రేలాడుచు మలినమును పట్టును. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఊరి మురుగును జమ్ము, మెట్టతామర నాటిన మడిగుండ నడిపించి, ఆ నీటిని పైరులకు వాడు విధమును చూపిరి. కోట్లు పెట్టలేని పల్లె సైతము ఈ పని చేయగలదని అది ఋజువు.

మనకు మఱింత దగ్గరగా కొల్లేరు కలదు. గోదావరి కృష్ణా డెల్టాల నడుమ నున్న యా మహాసరస్సు, బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీటిని, అనేక మురుగుకాలువల నీటిని చేర్చుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపును. తుంగ, జమ్ము, తామరలు నిండిన యా పల్లపునేల తరతరములుగా డెల్టాకు వరద నాపు తొట్టియు, నీటిని తేర్చు జల్లెడయు నై యుండెను. మనము దాని విలువను ఆలస్యముగా గుర్తించితిమి. చేపల చెరువుల గట్లు సరస్సును కోసివేసిన పిమ్మట, 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రాంసారు ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో ప్రభుత్వము అనేక గట్లను పగులగొట్టించినది. ప్రకృతి ఉచితముగా చేయుచున్న పనిని చెడగొట్టి, తిరిగి నిలుపుటకు ఎంత ప్రయాస పడవలసివచ్చునో కొల్లేరు చెప్పును. ఊరి చివర గుంటను పూడ్చునప్పుడు మనము పూడ్చునది ఒక చిన్న కొల్లేరునే.

ఇచ్చట ఆక్షేపణలు వచ్చును. వానిని దాచక చెప్పి సమాధానమిచ్చుట న్యాయము.

మొదటి ఆక్షేపణ: "మన కాలువలలో గుర్రపుడెక్క కావలసినంత యున్నదిగదా, మొక్కలే నీటిని శుభ్రపఱచునెడల మన కాలువలు ఏల అద్దమువలె లేవు?" ఇది మంచి ప్రశ్న. గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుండి పందొమ్మిదవ శతాబ్దాంతమున మన దేశమునకు వచ్చిన మొక్క. అది నత్రజనిని, భాస్వరమును ఆబగా పీల్చుకొనుమాట వాస్తవమే. మన మైల తిని బలిసినందుననే అంతగా అల్లుకొనుచున్నది. కాని దానిని తీసివేయువారు లేనందున, అది అచ్చటనే చచ్చి, కుళ్లి, తాను తిన్నదంతయు నీటికే తిరిగి యిచ్చును. పైగా నీటికి వెలుతురు, గాలి తగులనీయదు. కాబట్టి మొక్క యుండుట చాలదు. దానిని హద్దులో పెట్టి, కాలమునకు కోసి, బయటకు తీయవలెను. కోయని మడి వడపోత కాదు, కుళ్లు గుంట. ఈ యొక్క సూత్రమును మఱచినవారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

రెండవ ఆక్షేపణ: "దోమలు పుట్టవా?" గోదావరి డెల్టా బోదకాలు జాడ్యమునకు పేరుపడిన చోటు, ఈ భయమును తేలికగా త్రోసివేయువాడు మూఢుడు. బోదకాలును మోయు దోమ మురుగునీటిలో గ్రుడ్లు పెట్టును. కాని గ్రుడ్డునుండి దోమగా ఎగురుటకు దానికి సుమారు ఒక వారము నిలువనీరు కావలెను. సరిగా కట్టిన మడిలో వాన నిలిచిన పిమ్మట ఒకటి రెండు దినములలో పైనీరు ఇసుకలోనికి దిగిపోవలెను. అట్లు దిగకున్న యెడల ఇసుక మూసుకొనిపోయినదని గ్రహించి పైపొర తీసివేయవలెను. నిజమునకు దోమలను పెంచుచున్నవి మన వీథులలో పగిలి, చెత్త అడ్డుపడి, నెలలతరబడి నిలిచిన సిమెంటు కాలువలే.

మూడవ ఆక్షేపణ: "మన నేల బంక, నీరు ఇంకదు, కొంచెము త్రవ్విన ఊట తగులును." ఇదియు సత్యమే. అందుచేతనే కొండప్రాంతమున చేయునట్లు లోతైన యింకుడుగుంటలు మనకు పనికిరావు. మన మడి నిస్సారముగా, నీరు ప్రక్కగా నడిచిపోవునట్లుగా నుండవలెను. అడుగున కంకర, దానిలో చిల్లుల గొట్టము, దానిపై ముతక ఇసుక, పైన ఇసుక, మట్టి, పశువుల ఎరువు కలిపిన పొర. వడిసిన నీరు గొట్టముద్వారా మురుగుకాలువకు పోవును. త్రాగునీటి బావికి, చేతిపంపునకు ఇట్టి మడి దూరముగా నుండవలెను.

నాలుగవ ఆక్షేపణ: "సెంటు నేల కూడ బంగారమైన కోనసీమలో దీనికి చోటెక్కడ?" దీనికి ఒక లెక్క చెప్పుదుము. 400 చదరపు మీటర్ల సిమెంటు ఆవరణపై 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో 10,000 లీటర్ల నీరు పాఱును. 40 చదరపు మీటర్ల మడిని త్రవ్వి, పైన 15 సెంటీమీటర్లు నీరు నిలుచునట్లు చేసినచో 6,000 లీటర్లు అందులో పట్టును. 45 సెంటీమీటర్ల మందము గల ఇసుకలోని సందులలో నాలుగైదు వేల లీటర్లు పట్టును. అనగా పదింట ఒకవంతు నేల చాలును. కాలువ మూతివద్దనున్న పోరంబోకు, రోడ్డు ప్రక్క మిగిలిన సందు, గుడి, మసీదు, ప్రార్థనాలయముల ఆవరణల అంచు, పాఠశాల ఆటస్థలపు మూల - ఇట్టి చోటులు ఏ యూరను లేకపోవు.

అయిదవది ఆక్షేపణ కాదు, పలాయనము: "ఇది సర్కారువారి పని." పెద్ద ఊళ్ల మురుగును శుద్ధిచేయు యంత్రాలయములు కట్టుట, కాలువలలో మురుగు కలియకుండ కాచుట ప్రభుత్వపు పనియే, దానిని అడుగుట మన హక్కు. కాని ఇంటిముందు పేడ తీయుటకును, వాన రాబోవునని తెలిసియు యూరియా చల్లకుండుటకును, పొలపు గట్టున మూడడుగుల మేర గడ్డిని కాల్చక యుంచుటకును ఏ సర్కారు ఉత్తరువు కావలెను? గట్టున నుంచిన గడ్డి పట్టీ పొలమునుండి పాఱు మట్టిని, ఎరువును ఆపును. రైతు కొన్న ఎరువు రైతు పొలములోనే నిలుచును. ఇందులో పరోపకారము, స్వలాభము రెండును కలవు.

ఈ పద్ధతికి గల హద్దులను కూడ చెప్పనిచో మేము పాఠకులను మోసపుచ్చినవారమగుదుము. మొక్కల మడి దాటిన నీరు త్రాగుటకు యోగ్యమైన నీరు కాదు. రోగక్రిములు తగ్గును గాని పూర్తిగా పోవు. త్రాగునీటిని కాచుట, క్లోరిను కలుపుట మానరాదు. ఉప్పునీటిని మొక్కలు మంచినీటిగా చేయలేవు. కర్మాగారముల విషజలమును ఈ మడులలోనికి వదలరాదు. మరుగుదొడ్ల మురుగును దీనికి తెచ్చి కలుపరాదు. దానికి వేఱు ఏర్పాటు కావలెను. మోటారురోడ్డు నీరు దిగిన మడిలోని గడ్డిని పశువులకు వేయరాదు. గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఈ మడులు మునుగును. వరద తీసిన పిమ్మట వానిని మరల తీర్చవలసియుండును. ఇంతమాత్రము తెలిసి చేసినచో ఆశాభంగము కలుగదు.

ఇక మన పాఠశాల చేయదగిన పని యేమి? ఆవరణమున నీరు చేరి వీథికాలువలో పడు మూలను ఎంచుకొని, పైన చెప్పిన కొలతలతో ఒక మడి త్రవ్వవలెను. నీరు ప్రవేశించుచోట రాళ్లు పఱచిన చిన్న తొట్టి యుండవలెను; ముతకమట్టి, చెత్త అందులో ఆగును. దానిని వారమున కొకసారి ఒక తరగతివారు శుభ్రము చేయవలెను. వట్టివేరు, మెట్టతామర, తుంగ, గరిక - ఇవి తడికిని ఎండకును ఓర్చునవి. గౌతమికి ఆవలియొడ్డున కడియము నర్సరీలు ఉండగా మొక్కలకు మనకు కొఱత యేమి? వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి మొక్కలను కోసి ఎరువుగుంటలో వేయవలెను. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ప్రతి వానకు లోనికి వచ్చు నీటిని ఒక సీసాలోను, బయటకు పోవు నీటిని మఱొక సీసాలోను పట్టి, మధ్యాహ్నమువఱకు నిలువనిచ్చి, అడుగున దిగిన మట్టిని కొలిచి, ఒక పుస్తకమున వ్రాయవలెను. వాన ఎంత కురిసినది, పైనీరు ఎన్ని గంటలకు దిగినది, దోమపిల్లలు కనబడినవా లేవా - ఇవియు వ్రాయవలెను. మూడేండ్లు అట్లు వ్రాసిన పుస్తకము గ్రామపంచాయతీవారి యెదుట పెట్టినచో, అది వంద ఉపన్యాసములకంటె గట్టిగా మాటాడును.

ఎందుకనగా మేము తుదకు కోరునది పాఠశాల మూలనున్న ఒక మడి కాదు. ఇకమీదట ఊరిలో ఏ వీథికాలువ కట్టినను, దాని చివర పెద్ద కాలువను తాకకముందు, ఇరువది ముప్పది అడుగుల మేర సిమెంటు పోయక, మట్టి, ఇసుక, మొక్కలు ఉంచవలెనని గ్రామము తీర్మానించుకొనవలెను. కట్టిన తరువాత పగులగొట్టుట కష్టము. కట్టకముందు అడుగు విడుచుట సులభము. ఏటేట సిమెంటు ముందుకు సాగుచున్నది గనుక ఈ మాట ఇప్పుడే చెప్పవలసివచ్చినది.

తలిదండ్రులకు ఒక మనవి. మన ఊరి పేరు నేడు దేశదేశముల విననగుచున్నది. పూతరేకులవలన వచ్చిన పేరది. 2023లో వానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. బోర్లించిన కుండపై బియ్యపుపిండి నీటిని గుడ్డతో అద్ది, కాగితముకంటె పలుచని రేకును తీయు మన తల్లుల చేతినేర్పు అపూర్వము. ఆ రేకులో నున్నది బియ్యము, నిప్పు, నీరు - ఈ మూడే. అందులో నీటిపాలు చెడినచో పేరు నిలుచునా? అతిథికి మన తియ్యదనమును పంపుచు, క్రింది ఊరికి మన మురుగును పంపుట మన మర్యాదకు తగునా? పిల్లలు చేతులకు మట్టి యంటించుకొని ఇంటికి వచ్చినప్పుడు కోపపడక, ఏ మడిలో పనిచేసితివని అడుగుడు.

విద్యార్థులారా! చదువు కాగితముపై మాత్రమే యుండునది కాదు. పుస్తకమున నత్రజని చక్రము గీయుట సులభము. అదే చక్రము మీ పాఠశాల మూలలో, తుంగవేళ్లచెంత, చీకటి మట్టిలో రేయింబవళ్లు తిరుగుచున్నదని కన్నులార చూచుట విద్య. దానికి తోడ్పడి, మీరెన్నడును చూడని యొక పల్లెలో, మీకు పేరు తెలియని యొక తల్లి ముంచు కడవలోని నీటిని కొంత తేటపఱచుట ధర్మము. ఆమె మీకు కృతజ్ఞత చెప్పదు. మీరుంటిరని కూడ ఆమెకు తెలియదు. కాటను దొరగారి కాలువ త్రవ్విన వేలకొలది కూలీల పేర్లును మనకు తెలియవు. అయినను నేటికి వారి చేతినీరే త్రాగుచున్నాము. వారు త్రవ్వి యిచ్చిన దానిని మైల చేయక పల్లమువారికి అందించుట మన వంతు. రాబోవు తొలకరికి ముందే పాఱ చేతబట్టుదము గాక. ఈ చిన్న ప్రయత్నమును దేవుడు ఆశీర్వదించును గాక.